పదును చూసే చెయ్యి: కృత్రిమ మేధ పక్కన మనిషి పనితనం



పోయిన నెల హాస్టల్ మెస్‌లో ఒక వాదన నడిచింది. ఫైనల్ ఇయర్ అన్న ఒకాయన ప్లేటు పక్కన పెట్టి, "ఇంక నాలుగేళ్లు చదివి ఏం లాభం రా? కోడ్ అదే రాస్తుంది, డ్రాయింగ్ అదే వేస్తుంది, రిపోర్టు కూడా అదే టైపు చేస్తుంది. మధ్యలో మనం ఎందుకు?" అన్నాడు. అందరూ నవ్వేసి పెరుగన్నం కలుపుకున్నారు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. అందులో నేనూ ఒకడిని.

ఆ ప్రశ్నకు జవాబు కోసం అమెరికా దాకా పోనక్కర లేదని తర్వాత తెలిసింది. మా మేనమామ పొలానికి కాస్త దూరంలోనే, కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో, ఈ ప్రశ్న మీద ఒక మంచి పాఠం ఉంది. ఈసారి క్లబ్ పత్రికకు ఆ పాఠమే రాస్తున్నాను. కొంచెం లెక్క, కొంచెం చరిత్ర, మధ్యలో మా టీమ్ పరువు పోయిన కథ ఒకటి. ఓపికగా చదవండి.

1. దేవనకొండలో ఏం జరిగింది?

మన సీమలో వాన సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. ఏడాదికి సగటున ఉమ్మడి కర్నూలు జిల్లాలో సుమారు 670 మిల్లీమీటర్లు, కడపలో 700, అనంతపురంలో 550. ఈ సగటు కూడా కాగితం మీదే. నిజానికి వాన ఒక పొలంలో పడితే గట్టు అవతల పడదు. అందుకే మెట్ట రైతుకు అన్నిటికంటే పెద్ద నిర్ణయం ఒకటే: బుడ్డలు ఎప్పుడు విత్తాలి? (కడప వాళ్లు శెనక్కాయలు అని చదువుకోండి.) తొందరపడి మొదటి వానకే విత్తితే, తర్వాత వాన ముఖం చాటేస్తే, మొలక మాడిపోతుంది. విత్తనాల ఖర్చు మొత్తం మట్టిపాలే. మళ్లీ విత్తనాలు కొనాలంటే మళ్లీ అప్పు.

2016 ఖరీఫ్‌లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి, రాష్ట్ర ప్రభుత్వంతో చేతులు కలిపి, దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు మామూలు ఎస్ఎంఎస్ ద్వారా తెలుగులో సలహాలు పంపాయి. స్మార్ట్‌ఫోన్ అక్కరలేదు, పొలంలో సెన్సార్లు అక్కరలేదు. ఫోన్‌లో మెసేజ్ చదవగలిగితే చాలు. జూన్ మొదట్లోనే విత్తే అలవాటున్న చోట, ఆ ఏడాది సలహా "ఆగండి" అని చెప్పింది. జూన్ 24 నుంచి మొదలయ్యే వారం విత్తడానికి అనువైనదని లెక్క తేలింది. ఆగి విత్తిన రైతులకు హెక్టారుకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి. మరుసటి ఏడాది, అంటే 2017లో, ఆంధ్ర, కర్ణాటకల్లో 3,000 మందికి పైగా రైతులకు దీన్ని విస్తరించారు. అప్పుడు పంటను బట్టి 10 నుంచి 30 శాతం పెరుగుదల కనిపించిందన్నారు.

2. లెక్క ఎలా వేశారు?

దీని మూలసూత్రం మనకు అర్థం కానిదేం కాదు. పంటకు పూర్తిగా నీళ్లు అందితే ఎంత నీరు ఆవిరై పైకి పోతుందో అది ఒక సంఖ్య. నేలలో ఉన్న తేమతో నిజంగా ఎంత పోతుందో అది ఇంకో సంఖ్య. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే, పంట దాహంలో ఎంత భాగం తీరుతోందో తెలుస్తుంది. దీన్నే మాయిశ్చర్ అడిక్వసీ ఇండెక్స్ అంటారు. మన పెద్దలు "పదును" అని ఒక్క మాటలో చెప్పేదానికి ఇది అంకెల్లో దగ్గరి చుట్టం.

దేవనకొండ ప్రాంతానికి 1986 నుంచి 2015 వరకు, అంటే 30 ఏళ్ల వాతావరణ సమాచారాన్ని మోడల్‌కు ఇచ్చారు. రోజువారీ వానల కొలతలు రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ నుంచి వచ్చాయి. ముందు రోజుల అంచనా ఒక అమెరికా వాతావరణ సంస్థ నుంచి వచ్చింది. ఇవన్నీ కలిపి, ఏ వారంలో విత్తితే మొలకకు తేమ సరిపోతుందో తేల్చారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. రైతులకు పోయిన సలహాలు విత్తే తేదీ ఒక్కటే కాదు. కోత అయ్యేదాకా మొత్తం 10 సలహాలు పోయాయి: విత్తనశుద్ధి, ఎంత లోతులో విత్తాలి, పశువుల ఎరువు, భూసార పరీక్షను బట్టి ఏ ఎరువు ఎంత. కాబట్టి ఆ 30 శాతం మొత్తాన్నీ "ఏఐ తేదీ" ఖాతాలో రాయడానికి లేదు. విత్తనశుద్ధి మందు మోతాదు తేల్చింది ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త. మట్టి నమూనా తీసి పరీక్షించింది ల్యాబులో మనిషి. 30 ఏళ్ల పాటు పొద్దున్నే లేచి వాన కొలిచింది ఎవరో పేరు తెలియని ఉద్యోగి. మోడల్ వీళ్లందరి పనినీ ఒకచోటికి చేర్చి, ఒక మనిషి వేయలేనంత వేగంగా లెక్క వేసింది. అది చిన్న పనేం కాదు. కానీ ఆ మెసేజ్ వెనక ఎంతమంది చేతులున్నాయో చూడకపోతే, మనం ఈ కథలో సగమే చదివినట్టు.

3. ఇక మా టీమ్ పరువు కథ

థర్డ్ ఇయర్‌లో మినీ ప్రాజెక్టుకు మేం నలుగురం వేరుశనగ ఆకు ఫోటో చూసి తెగులు చెప్పే యాప్ చేశాం. నెట్‌లో దొరికిన ఫోటోలు, దొరికిన మోడల్. నాలుగు పేర్లు పెట్టాం: తిక్క ఆకుమచ్చ, తుప్పు, మొవ్వుకుళ్ళు, ఆరోగ్యం. ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా పనిచేసింది. సెలవుల్లో మామ పొలానికి తీసుకుపోయాను.

ఒక మూల మొక్కలు పసుపు తిరిగి ఉన్నాయి. ఫోటో తీశాను. యాప్ గట్టి నమ్మకంతో "తుప్పు" అంది. మామ నా వంక చూసి, "ఏమల్లుడా, మందు తెచ్చేదా అయితే?" అన్నాడు. నేను ఊఁ అన్నాను. ఆయన అప్పటికే బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే ఆ దారిన వ్యవసాయాధికారి మేడం వచ్చారు. లేకపోతే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

ఆమె ఆకును ముట్టుకోలేదు. ముందు పొలం మొత్తం ఒకసారి చూశారు. "ఏమన్నా, ఈ మూలనేనా, అంతటా ఉందా? మొన్నటి వానకు ఇక్కడ నీళ్లు నిలిచినాయా?" అని అడిగారు. "రెండు దినాలు నిలిచినాయి మేడం" అన్నాడు మామ. తర్వాత వంగి, పసుపు పైనున్న లేత ఆకుల్లో ఉందా, కింది ముదురు ఆకుల్లో ఉందా చూశారు. లేత ఆకులే పసుపు, ఈనెలు మాత్రం ఇంకా పచ్చగా ఉన్నాయి. ఒక మట్టిగడ్డ చిదిమి, అందులో తెల్లటి సున్నపు ముక్కలు నాకు చూపించారు. "ఇది తెగులు కాదు, ఇనుపధాతు లోపం. సున్నం ఎక్కువున్న నేల, పైగా నీళ్లు నిలిచినాయి. అన్నభేది లీటరుకు 5 గ్రాములు, సిట్రిక్ యాసిడ్ 1 గ్రాము కలిపి కొట్టన్నా, సరిపోతుంది" అన్నారు. మొత్తం ఐదు నిమిషాలు పట్టలేదు.

తర్వాత ఆకులు పచ్చబడ్డాయి. మామ నన్ను ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

రాత్రి కూర్చుని తప్పెక్కడుందో వెతికాను. మోడల్ చివరి పొర సాఫ్ట్‌మాక్స్. మీకు తెలుసు కదా, దానికి నాలుగు గడులు ఇస్తే, నూటికి నూరు పాళ్లూ ఆ నాలుగింటికే పంచాలి. ఐదో గడి లేదు. "తెలియదు" అనే గడి అసలే లేదు. మేం దానికి ధాతు లోపం అనే పేరు నేర్పలేదు, కాబట్టి దాని లోకంలో ధాతు లోపం లేదు. అది అబద్ధం చెప్పలేదు. మేం ఇచ్చిన చిన్న లోకంలో దానికి కనిపించిన నిజమే చెప్పింది. ఆ లోకానికి హద్దులు గీసింది మేమే.

4. 99 నుంచి 31కి

ఇది మా నలుగురి చేతకానితనం మాత్రమే కాదని తర్వాత చదివితే కొంచెం ఊరట కలిగింది. 2016లోనే, దేవనకొండకు మెసేజ్‌లు వెళ్లిన ఏడాదే, ప్లాంట్‌విలేజ్ అనే ఫోటోల సంపుటి మీద ఒక పేరున్న పరిశోధన వచ్చింది. 54,306 ఆకు ఫోటోలు, 14 పంటలు, 38 తరగతులు. పక్కన దాచిపెట్టిన ఫోటోల మీద పరీక్షిస్తే మోడల్ 99.35 శాతం సరిగ్గా చెప్పింది. వేరే పరిస్థితుల్లో తీసిన, వేరే చోట్ల నుంచి తెచ్చిన ఫోటోల మీద పరీక్షిస్తే అది సుమారు 31 శాతానికి పడిపోయింది. ఈ సంగతి రాసింది ఆ పరిశోధకులే. దాచలేదు. అది వాళ్ల నిజాయితీ.

న్యాయంగా చెప్పాలంటే 31 కూడా సున్నా కాదు. 38 తరగతుల్లో గుడ్డిగా చెబితే 3 శాతం కూడా రాదు. కానీ మందు డబ్బాకు డబ్బులు కట్టే రైతుకు 31 పనికిరాదు. ఆ 14 పంటల్లో మన వేరుశనగ లేనే లేదు. యాప్ దించుకునేటప్పుడు ఈ రెండు ముక్కలూ ఎవరు చెబుతారు? చెప్పాల్సింది దాన్ని తయారుచేసినవాళ్లు. రేపు ఆ పని చేసేది మనమే.

5. పేరు లేని తెగులు వస్తే?

మా యాప్‌లో లేనిది పాత సంగతే, మాకు తెలియలేదంతే. అసలు ఎవరికీ తెలియని కొత్త సంగతి వస్తే? అదీ మన సీమలో జరిగింది. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో వేరుశనగ చేలు ఎండిపోయాయి. సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. చూడటానికి అది అప్పటికే తెలిసిన మొవ్వుకుళ్ళు తెగులులాగే ఉంది. కానీ శాస్త్రవేత్తలు ల్యాబులో పరీక్షించి చూస్తే, అది మొవ్వుకుళ్ళు వైరస్ కాదు. టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. ఆ తెగులుకు కాండంకుళ్ళు అని పేరొచ్చింది.

పేరు మారితే ఏమైంది అనుకోకండి. పేరుతో పాటు కారణం మారింది, కారణంతో పాటు పరిష్కారం మారింది. మొవ్వుకుళ్ళు వైరస్ తామర పురుగు ఒంట్లోనే పెరిగి, అది కుట్టినప్పుడు మొక్కకు ఎక్కుతుంది. ఈ కొత్తదాని దారి వేరు. గట్ల మీద విరగబూసే వయ్యారిభామ మొక్కలో వైరస్ ఉంటుంది, మొక్క మాత్రం పైకి నవనవలాడుతూ ఉంటుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. పుప్పొడి గాలితో, తామర పురుగుల ఒంటి మీద, వేరుశనగ ఆకుల మీదికి చేరుతుంది. పురుగు ఆకును గీరినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. అంటే జబ్బు చేలో కనిపిస్తుంది, మూలం గట్టు మీద ఉంటుంది! అందుకే సలహా కూడా మారింది: వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయండి, చేను చుట్టూ జొన్న గానీ సజ్జ గానీ కొన్ని వరసలు విత్తండి, విత్తనశుద్ధి చేయండి.

ఇప్పుడు ఊహించండి. 1999 దాకా తీసిన లక్ష ఫోటోలతో శిక్షణ ఇచ్చిన మోడల్ 2000లో ఉండి ఉంటే ఏం చెప్పేది? "మొవ్వుకుళ్ళు" అని చెప్పేది, మా యాప్ లాగే గట్టి నమ్మకంతో. ఫోటోలో గట్టు లేదు, కాబట్టి గట్టు గురించి అది ఆలోచించదు. "ఇది నాకు తెలిసినదానిలా ఉంది, కానీ అది కాదేమో" అని ఒకరు అనుమానపడాలి. ఆ అనుమానం తీర్చుకోవడానికి ఏ పరీక్ష చేయాలో తెలిసి ఉండాలి. నైపుణ్యం అంటే నా దృష్టిలో ముందు ఇదే.

6. ఇంతకీ మనిషి దగ్గరున్నది ఏమిటి?

పై కథల్లోంచి మూడు విషయాలు తీసి వరసగా పెడతాను.

ఒకటి, ఏం అడగాలో తెలియడం. మేడం గొప్పతనం జవాబులో లేదు. ఇనుపధాతు లోపం లక్షణాలు ఏ చాట్‌బాట్‌ను అడిగినా చెబుతుంది. కానీ "నీళ్లు నిలిచినాయా?" అని అడగాలని నాకు తట్టలేదు, కాబట్టి నేను చాట్‌బాట్‌ను అడిగినా ఆ ముక్క దానికి చెప్పేవాడిని కాదు.

రెండు, తెలియదని తెలియడం. ఇది వినయం గురించి చెబుతున్న నీతి కాదు, పనితనంలో భాగం. తన అనుభవం ఎక్కడిదాకా చెల్లుతుందో తెలిసినవాడే నిపుణుడు.

మూడు, మాటకు నిలబడటం. సలహా తప్పయితే మేడం రేపు మళ్లీ ఆ ఊరికే రావాలి, మామ ముఖం చూడాలి. సివిల్ మిత్రులకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లా రాజంపేట దగ్గర, చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు కొట్టుకుపోయింది. దిగువ ఊళ్లలో ప్రాణాలు పోయాయి. ఎంత వాన పడుతుంది, ఎంత వరద వస్తుంది అని మోడల్ అంచనా వేయగలదు, వేయాలి కూడా. గేటు తుప్పు పట్టిందా, మోటారు తిరుగుతుందా అన్నది దగ్గరికి పోయి తిప్పి చూసిన మనిషికి తెలుస్తుంది. అర్ధరాత్రి ఏ ఊరిని ముందు లేపాలో, ఏ దారి ముందు మునుగుతుందో అక్కడ తిరిగినవాడికి తెలుస్తుంది. ఆ నిర్ణయం కింద సంతకం మనిషిదే అవుతుంది. మనం చదివే డిగ్రీకి అసలు బరువు ఆ సంతకంలోనే ఉంది.

7. అట్లని అనుభవమే దేవుడా?

కాదు. ఇక్కడ ఎదుటివాళ్ల మాట కూడా వినాలి. దేవనకొండ కథలో తప్పుదారిలో ఉన్నది అలవాటు. జూన్ మొదట్లో విత్తడం చాలామంది రైతులు అనుభవంతో చేస్తున్న పనే. ఆ ఏడాది ఆ అనుభవం కంటే 30 ఏళ్ల డేటా బాగా చూసింది. వానల తీరు మారుతున్న కాలంలో, తాత చెప్పిన కార్తె లెక్క ప్రతి ఏడాదీ నిలుస్తుందన్న భరోసా లేదు. మనిషి కూడా అలసిపోతాడు, మొండికేస్తాడు, ఒక్కోసారి తను అమ్మే మందునే తెగులుకు విరుగుడు అంటాడు.

ఇంకో నిజం: మేడం లాంటివాళ్లు తక్కువ, ఊళ్లు ఎక్కువ. పోయేముందు ఆమె మా యాప్ చూసి నవ్వలేదు. "ఫోటోతో పాటు విత్తిన తేదీ, నేల రంగు, నీళ్లు నిలిచినాయా లేదా, ఈ మూడూ అడిగించి నాకు పంపేటట్టు చేయండి. ఏ ఊరికి ముందు పోవాల్నో నాకు తెలుస్తుంది" అన్నారు. మేం తెగులు పేరు చెప్పే యంత్రం చేశాం. ఆమెకు కావాల్సింది తన చూపును ఇంకో పది ఊళ్లకు మోసుకుపోయే యంత్రం. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి. కోడ్ దాదాపు అదే, ప్రశ్న వేరు. ఆ ప్రశ్న పొలంలో నిలబడ్డ నిపుణురాలి నుంచి వచ్చింది.

8. మనం ఏం చేయాలి?

నాకు నిజంగా భయం వేసే సంగతి ఒకటుంది. మేడంకు ఆ చూపు పుట్టుకతో రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తానూ తప్పులు చెప్పానని, సీనియర్ వెంట పొలాలు తిరిగి దిద్దుకున్నానని ఆమే అన్నారు. చిన్న పనులు, చిన్న తప్పులు, పక్కన దిద్దేవాళ్లు: నిపుణులు అక్కడే తయారవుతారు. ఇప్పుడు ఆ చిన్న పనులన్నీ యంత్రానికి ఇచ్చేస్తే, మన తరం ఎక్కడ తప్పులు చేసి నేర్చుకుంటుంది? ఇరవై ఏళ్ల తర్వాత యంత్రం తప్పు చెబితే, "ఆగు, నీళ్లు నిలిచినాయా?" అని అడిగేది ఎవరు? ఆరోజు మెస్‌లో ఆ అన్న అడిగిన ప్రశ్న కంటే ఇది పెద్ద ప్రశ్న.

అందుకే మా టీమ్ నాలుగు నియమాలు పెట్టుకుంది. నచ్చితే మీరూ వాడండి.

ఒకటి: ఏ టూల్‌నైనా అడిగేముందు మన జవాబు కాగితం మీద రెండు లైన్లు రాయాలి. తర్వాత రెండూ పోల్చాలి. మనం ఎక్కడ తప్పామో అప్పుడే కనిపిస్తుంది.

రెండు: ఏ మోడల్ చూసినా "ఈ డేటాలో మా ఊరు ఉందా? మా పంట ఉందా?" అని అడగాలి.

మూడు: మనం చేసే మోడల్‌లో "తెలియదు, మనిషిని అడగండి" అనే గడి ఉండాలి. నమ్మకం ఒక హద్దు కంటే తగ్గితే ఆ గడికి పోవాలి. మా యాప్ లాగా తప్పును కూడా గట్టి నమ్మకంతో చెప్పే మోడల్‌కు ఈ హద్దు ఒక్కటే చాలదు. అందుకే మేడం అడగమన్న మూడు ప్రశ్నలూ చేర్చాం.

నాలుగు: ప్రతి ప్రాజెక్టుకూ కనీసం ఒక్కరోజు ఆ పని జరిగే చోట గడపాలి. పొలమైతే పొలం, సబ్‌స్టేషన్ అయితే సబ్‌స్టేషన్, బేతంచెర్ల పాలిష్ బండల ఫ్యాక్టరీ అయితే అక్కడ. ఏసీ ల్యాబులో కూర్చుంటే వయ్యారిభామ కనబడదు.

ముగింపుగా ఒక్క మాట. ఈ ఏడాది వానలకు మామకు ఫోన్‌లో వాతావరణం మెసేజ్ వచ్చింది. చదివి జేబులో పెట్టుకున్నాడు. గొర్రు కట్టేముందు చేలోకి నడిచి, జానెడు లోతు తవ్వి, పిడికెడు మట్టి తీసి పిసికి చూశాడు. ముద్ద అయింది, మళ్లీ వేలితో తడితే విడిపోయింది.

"ఫోను సెప్పింది సరే మామా, ఇంకా ఏం సూస్తాండావు?" అన్నాను.

"ఫోను మండలానికంతా సెప్పింది రా. నా సేను సంగతి నేను సూడొద్దా?" అన్నాడు.

మెసేజ్‌నూ నమ్మాడు, మట్టినీ చూశాడు. ఆరోజు మెస్‌లో అడిగిన అన్నకు నా జవాబు ఇదే. ఆయన ఈ పత్రిక చదువుతాడో లేదో గానీ, కనబడితే ఎవరైనా చెప్పండి.